మూసిన శ్వాసవలయంలో వాయుపీడన నియంత్రణ: డైవింగ్ రీబ్రీతర్, గని రక్షణ పరికరం, మత్తుయంత్రం

వ్యాససంగ్రహం

విడిచిన గాలిని శుద్ధి చేసి తిరిగి పీల్చుకునేందుకు వీలు కల్పించే పరికరం రీబ్రీతర్. నీటి అడుగున పనిచేసే డైవర్లు, విషవాయువులు నిండిన గనిలోకి వెళ్ళే రక్షణ దళాలు, శస్త్రచికిత్స గదిలో మత్తువైద్యులు ఒకే సూత్రాన్ని మూడు రూపాల్లో వాడుతున్నారు. ఈ మూడింటిలోనూ వాయుపీడనాన్ని సరిచేయడం, నిలకడగా ఉంచడం ప్రధానమైన పని. అయితే శ్వాసవలయంలోని మొత్తం పీడనం వేరు, అందులో ఆక్సిజన్ పాక్షిక పీడనం వేరు. మొదటి దానిలోని లోపం శరీరానికి వెంటనే తెలుస్తుంది. రెండవ దానిలోని లోపం తెలియదు. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని రీబ్రీతర్‌లో పీడన నియంత్రణ జరిగే విధానాన్ని, దాని నిర్వహణను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: రీబ్రీతర్, శ్వాసవలయం, పాక్షిక పీడనం, మధ్యమ పీడనం, సోడాలైమ్, గని రక్షణ, మత్తుయంత్రం, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను మీదుగా రెడ్‌హిల్స్ వరకు ఉన్న ప్రాంతం కొద్ది కిలోమీటర్లలో ముగుస్తుంది. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా డైవర్ ప్రాణాన్ని నిలిపే శ్వాసపరికరానికి దగ్గరి బంధువులు రెండింటితో ఈ ప్రాంతానికి సంబంధం ఉంది. రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్ నుంచి పాలన సాగించే బొగ్గు సంస్థకు గని రక్షణ ఒక నిత్యావసరం. అదే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. శస్త్రచికిత్స జరిగే పెద్ద ఆసుపత్రులలో సాధారణంగా కనిపించే మత్తుయంత్రపు వలయం కూడా నిర్మాణరీత్యా రీబ్రీతరే.

ఈ విషయానికి మరొక స్థానిక నేపథ్యం కూడా ఉంది. ఆబిడ్స్‌కు సమీపంలోని కోఠి రెసిడెన్సీలో వైద్యాధికారిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888లోనూ 1889లోనూ హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండవ కమిషన్‌లో పాల్గొనడానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు వైద్యుడు దేనిని గమనించాలి, నాడినా, శ్వాసనా అన్నది ఆనాటి వివాదం. శ్వాసనే గమనించాలని, గుండెకు నేరుగా ప్రమాదం లేదని లారీ వాదించారు. క్లోరోఫాం గుండె లయను ప్రాణాంతకంగా దెబ్బతీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపడంతో ఆ వాదంలోని రెండవ భాగం నిలవలేదు.

క్లోరోఫాం చర్చ మూసిన శ్వాసవలయం గురించి జరిగింది కాదు. కాని అది ఒక మౌలికమైన ప్రశ్నను ముందుకు తెచ్చింది. బయటికి కనిపించే ఏ గుర్తును నమ్మి ఒక ప్రాణం భద్రంగా ఉందని నిర్ణయించాలి? రీబ్రీతర్ విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. ఇక్కడ శ్వాస సాఫీగా సాగుతూ ఉండగానే మనిషి స్పృహ తప్పవచ్చు.

2. శ్వాసవలయ నిర్మాణం

మనిషి పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. విడిచే గాలిలోనూ ఇంకా సుమారు 16 శాతం మిగిలి ఉంటుంది. సాధారణ స్కూబా పరికరంలో ఈ మిగులు మొత్తం బుడగలుగా నీటిలో కలిసిపోతుంది. పైగా లోతు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. సముద్రజలంలో ప్రతి 10 మీటర్లకు పీడనం సుమారు 1 బార్ చొప్పున పెరుగుతుంది కాబట్టి 30 మీటర్ల లోతున పరిసర పీడనం 4 బార్. ఉపరితలంపై నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే డైవర్ అక్కడ 80 లీటర్లకు సమానమైన గాలిని సిలిండర్ నుంచి ఖర్చు చేస్తాడు. అయితే అతని శరీరం నిజంగా వినియోగించుకునే ఆక్సిజన్ ఓ మోస్తరు శ్రమలో నిమిషానికి 1 నుంచి 1.5 లీటర్లే. ఈ వినియోగం లోతుతో మారదు, శ్రమతో మారుతుంది.

రీబ్రీతర్ ఈ వ్యర్థాన్ని అరికడుతుంది. నోటి గొట్టానికి ఇరువైపులా ఉండే ఏకదిశా కవాటాలు గాలిని ఒకే దిశలో తిప్పుతాయి. విడిచిన గాలి సోడాలైమ్ నింపిన డబ్బా గుండా ప్రవహిస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ ప్రధానంగా ఉండే ఈ రసాయనం కార్బన్ డయాక్సైడ్‌ను బంధిస్తుంది. ఊపిరితిత్తులు ఖాళీ అయినప్పుడు గాలిని దాచుకొని, పీల్చినప్పుడు తిరిగి ఇచ్చే మెత్తని శ్వాససంచి ఈ వలయంలో మరొక అంగం. శరీరం వాడుకున్న ఆక్సిజన్‌ను ఒక సిలిండర్ భర్తీ చేస్తుంది. ఘనపరిమాణాన్ని భర్తీ చేయడానికి గాలిని గాని, హీలియం కలిపిన మిశ్రమాన్ని గాని మరొక సిలిండర్ అందిస్తుంది. ఈ రెండవ వాయువును డైల్యూయెంట్ అంటారు.

ఈ పరికరం పుట్టుకలోనే నీటికీ గనికీ బంధం ఉంది. ఇంగ్లండుకు చెందిన హెన్రీ ఫ్లూస్ 1870ల చివర ఆక్సిజన్ రీబ్రీతర్‌ను రూపొందించాడు. 1880లో సెవర్న్ సొరంగం నీట మునిగినప్పుడు అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ దానిని ధరించి చీకటి నీటిలో లోపలికి వెళ్ళి తలుపు మూశాడు. అనంతరం అదే రూపకల్పన గని రక్షణ పరికరాలకు దారితీసింది.

3. మూడు స్థాయిల పీడనం

రీబ్రీతర్‌లో పీడనాన్ని సరిచేయడం అన్నప్పుడు అది ఏ పీడనమో ముందుగా తేల్చుకోవాలి. మొదటిది సిలిండర్ పీడనం. నిండుగా ఉన్నప్పుడు ఇది సాధారణంగా 200 బార్ వరకు ఉంటుంది. ఎంత వాయువు మిగిలిందో చెప్పడమే దీని ప్రయోజనం.

రెండవది మధ్యమ పీడనం. సిలిండర్‌కు బిగించిన రెగ్యులేటర్ మొదటి దశ 200 బార్‌ను సుమారు 8 నుంచి 10 బార్‌కు తగ్గిస్తుంది. లోపలి స్ప్రింగు బిగువును మరతో మార్చి, గేజి చూస్తూ, తయారీదారు చెప్పిన విలువకు దీనిని సరిచేస్తారు. అరిగిన సీటు వల్ల వాయువు కొద్దికొద్దిగా జారితే గేజి ముల్లు ఒకచోట నిలవక మెల్లగా పైకి పాకుతుంది. ఈ పాకుడు ఆక్సిజన్ వైపు సంభవిస్తే రెండు రకాల ప్రమాదం ఉంది. కవాటం గుండా ఆక్సిజన్ అదనంగా కారవచ్చు. లేదా వాయుపీడనమే మూతను అదిమి ఉంచే రకం సోలినాయిడ్ కవాటం అసలు తెరుచుకోకపోవచ్చు. ఒకే లోపం ఒక పరికరంలో ఆక్సిజన్ అధికమవడానికి, మరొక పరికరంలో తరగడానికి కారణమవుతుంది.

మూడవది శ్వాసవలయపు పీడనం. ఇది ఎల్లప్పుడూ పరిసర నీటి పీడనానికి దాదాపు సమానంగా ఉండాలి. ఛాతీ కండరాలు తట్టుకోగల తేడా చాలా స్వల్పం. నీటిలో 30 సెంటీమీటర్ల ఎత్తు తేడా అంటే సుమారు 30 మిల్లీబార్ల తేడా. సంచి వీపుపై ఉంటే బోర్లా ఈదే డైవర్‌కు పీల్చడం బరువుగా, ఛాతీపై ఉంటే విడవడం బరువుగా తోచడానికి ఈ తేడాయే కారణం.

4. దిగుతున్నప్పుడు, పైకి వస్తున్నప్పుడు

బాయిల్ నియమం ప్రకారం పీడనం రెట్టింపైతే వాయువు ఘనపరిమాణం సగమవుతుంది. ఉపరితలం నుంచి 10 మీటర్లకు దిగేసరికి సంచిలోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. డైవర్ పీల్చినప్పుడు సంచి గోడ లోపలికి అదిమి ఒక మీటను నొక్కుతుంది. దానితో డైల్యూయెంట్ కవాటం తెరుచుకొని వాయువు లోపలికి వస్తుంది. దీనిని స్వయంచాలక డైల్యూయెంట్ కవాటం అంటారు.

పైకి వచ్చేటప్పుడు ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. వ్యాకోచించిన వాయువును అధికపీడన విడుదల కవాటం బయటికి వదిలేస్తుంది. అది మూసుకుపోయి ఉంటే సంచి ఉబ్బి, ఆ పీడనం ఊపిరితిత్తులపై పడుతుంది. ఊపిరి బిగబట్టి నిండు ఊపిరితిత్తులతో సుమారు ఒక మీటరు పైకి లేచినా కణజాలం చిట్లే ప్రమాదం ఉందని డైవింగ్ వైద్యం హెచ్చరిస్తుంది.

ఈ రెండు కవాటాల మధ్య ఉన్న అంతరమే శ్వాసవలయం పనిచేసే పరిధి. ఒకటి స్వల్ప రుణపీడనం వద్ద, మరొకటి స్వల్ప ధనపీడనం వద్ద తెరుచుకుంటాయి. డైల్యూయెంట్ కవాటాన్ని మరీ సున్నితంగా అమర్చితే ప్రతి శ్వాసకూ వాయువు చేరుతుంది. విడుదల కవాటాన్ని మరీ వదులుగా అమర్చితే ప్రతి నిశ్వాసకూ వాయువు పోతుంది. రెండూ కలిస్తే ఒకవైపు నింపడం, మరొకవైపు ఒలకబోయడం అవుతుంది. విడుదల కవాటాన్ని మరీ బిగిస్తే డైవర్ బలవంతంగా ఊపిరి వదలవలసి వస్తుంది. కనుక పీడనాన్ని సరిచేయడమంటే ఈ రెండు అంచుల మధ్య తగిన ఎడం నిలపడమే.

5. ఆక్సిజన్‌ను చేర్చే పద్ధతులు

శరీరం వాడుకున్న ఆక్సిజన్‌ను భర్తీ చేయడానికి రెండు ప్రధాన పద్ధతులు ఉన్నాయి. మొదటిది స్థిర ప్రవాహ పద్ధతి. సన్నని రంధ్రం గుండా వాయువు ధ్వనివేగంతో ప్రవహించే స్థితిలో, అవతలి పీడనం కొంత మారినా ప్రవాహం మారదు. ఆక్సిజన్ వంటి ద్విపరమాణుక వాయువులకు అవతలి పీడనం ఇవతలి పీడనంలో సుమారు 0.53 వంతును మించనంత వరకే ఇది వర్తిస్తుంది. లోతుతో పాటు మారని 10 బార్ నిరపేక్ష మధ్యమ పీడనాన్ని తీసుకుంటే, పరిసర పీడనం 5.3 బార్ వరకు, అంటే సుమారు 43 మీటర్ల లోతు వరకు ప్రవాహం స్థిరంగా ఉంటుంది. ఆపైన తగ్గడం మొదలవుతుంది. ఈ రకం పరికరంలో మధ్యమ పీడనాన్ని లోతుకు అనుగుణంగా పెరగకుండా కట్టడి చేయడానికి కారణం ఇదే.

రెండవది ఎలక్ట్రానిక్ పద్ధతి. సాధారణంగా మూడు ఆక్సిజన్ సెన్సార్లు పాక్షిక పీడనాన్ని కొలుస్తాయి. అది నిర్ణీత విలువ కంటే తగ్గినప్పుడు సోలినాయిడ్ తెరుచుకుంటుంది. లోతులో ఈ విలువను తరచుగా 1.3 బార్ దగ్గర ఉంచుతారు. సుమారు 0.16 బార్ కంటే తగ్గితే మెదడుకు ఆక్సిజన్ చాలదు. 1.6 బార్ దాటితే ముందస్తు హెచ్చరిక లేకుండా మూర్ఛ రావచ్చు. అధిక పీడనంలో ఆక్సిజన్ విషమవుతుందని పాల్ బెర్ 1878లోనే ప్రకటించాడు. కేవలం ఆక్సిజన్‌తో పనిచేసే రీబ్రీతర్‌ను సాధారణంగా 6 మీటర్ల లోతుకే పరిమితం చేయడం ఈ కారణంగానే.

6. నిండిన సంచి, తరిగిన ఆక్సిజన్

మొత్తం పీడనానికీ పాక్షిక పీడనానికీ మధ్య ఉన్న భేదం ఒక సరళమైన లెక్కతో స్పష్టమవుతుంది. ఆక్సిజన్ సిలిండర్ తెరవడం మరచిన డైవర్ ఉపరితలంలో ఈదుతున్నాడని అనుకుందాం. ఊపిరితిత్తులతో కలిపి వలయంలో 8 లీటర్ల గాలి ఉంటే అందులో ఆక్సిజన్ 1.68 లీటర్లు. శ్రమలో నిమిషానికి 1 లీటరు ఆక్సిజన్ ఖర్చవుతుంది. వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను సోడాలైమ్ పీల్చేస్తుంది. సంచి కుంచించుకుపోవడంతో డైల్యూయెంట్ కవాటం 1 లీటరు గాలిని చేర్చుతుంది. దానిలో ఆక్సిజన్ 0.21 లీటరు మాత్రమే. నిమిషం ముగిసేసరికి వలయంలో మిగిలేది 0.89 లీటరు, అంటే సుమారు 11 శాతం. సంచి నిండుగా ఉంది, పీడనం సరిగా ఉంది, కవాటాలు చక్కగా పనిచేస్తున్నాయి. మనిషి మాత్రం స్పృహ తప్పే అంచున ఉన్నాడు.

శరీరం హెచ్చరించకపోవడానికి కారణం శ్వాస నియంత్రణలో ఉంది. ఊపిరాడని బాధను ప్రధానంగా పుట్టించేది కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల. ఆక్సిజన్ తరుగుదల ఒక్కటే అంతటి బాధను కలిగించదు. సోడాలైమ్ ఎంత చక్కగా పనిచేస్తే ఈ హెచ్చరిక అంతగా మరుగున పడుతుంది. ప్రాణాన్ని కాపాడే అంగమే ప్రమాదసూచనను చెరిపివేయడం ఈ పరికరంలోని ప్రత్యేక వైరుధ్యం.

లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు ఈ లోపం ఇంకా వేగంగా బయటపడుతుంది. 30 మీటర్ల వద్ద ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.4 బార్ ఉందనుకుంటే అది సురక్షితమైన విలువే. కాని అక్కడి మొత్తం పీడనం 4 బార్ కాబట్టి వలయంలో ఆక్సిజన్ వాటా 10 శాతమే. కొత్త ఆక్సిజన్ చేరకుండా ఉపరితలానికి వస్తే అదే వాయువులో పాక్షిక పీడనం 0.1 బార్‌కు పడిపోతుంది. లోతులో చాలిన గాలి ఒడ్డు దగ్గర చాలదు.

7. గనిలోనూ శస్త్రచికిత్స గదిలోనూ

విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించగా, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. భూగర్భ గనుల్లో మంటలు, పేలుళ్ళ అనంతరం కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులు వ్యాపిస్తాయి. భారతదేశంలో గని రక్షణ ఏర్పాట్లను 1985 నాటి మైన్స్ రెస్క్యూ రూల్స్ నిర్దేశిస్తున్నాయి.

నేటి గని రక్షణ రీబ్రీతర్లలో డైవింగ్ పరికరానికి లేని ఒక అవసరం కనిపిస్తుంది. గనిలో బయటి గాలే విషం. ముఖకవచం అంచున చిన్న సందు ఉన్నా అది లోపలికి రాకూడదు. అందుకే శ్వాససంచిపై స్ప్రింగు భారాన్ని మోపి వలయాన్ని బయటి పీడనం కంటే కొద్దిగా ఎక్కువలో ఉంచుతారు. సందు ఏర్పడితే లోపలి వాయువు బయటికి పోతుందే తప్ప బయటిది లోపలికి రాదు. నాలుగు గంటల పాటు పనిచేసే పరికరాలలో ఆక్సిజన్ నిమిషానికి సుమారు 1.5 లీటర్ల చొప్పున నిరంతరం చేరుతుంది. శ్రమ పెరిగి సంచి ఖాళీ అయితే కనిష్ఠ కవాటం అదనంగా అందిస్తుంది, మిగులును విడుదల కవాటం వదిలేస్తుంది.

ఇక్కడా నిండిన సంచి మోసం చేయగలదు. పరికరం తగిలించుకున్నప్పుడు ఊపిరితిత్తులలోని నైట్రోజన్ వలయంలో చేరుతుంది. ఆక్సిజన్ ప్రవాహం అవసరం కంటే తగ్గితే, ఆ నైట్రోజన్ సంచిని కొంతవరకు నిండుగానే ఉంచుతూ ఆక్సిజన్ కొరతను కప్పిపుచ్చుతుంది. ప్రారంభంలో వలయాన్ని ఆక్సిజన్‌తో కడగడం, స్థిర ప్రవాహాన్ని కొలిచి చూడటం ఈ ప్రమాదానికి విరుగుళ్ళు.

మత్తుయంత్రంలో సంచి, సోడాలైమ్, ఏకదిశా కవాటాలు అవే. విడుదల కవాటం స్థానంలో వైద్యుడు చేతితో తిప్పి సరిచేసే పీడనపరిమితి కవాటం ఉంటుంది. అది మూసి ఉండిపోతే రోగి ఊపిరితిత్తులపై పీడనం పెరుగుతుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దవారికి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ చాలు. వాయువుల పొదుపు కోసం ప్రవాహాన్ని బాగా తగ్గించి నైట్రస్ ఆక్సైడ్ కలిపినప్పుడు, అది వలయంలో పేరుకొని ఆక్సిజన్ వాటాను తగ్గించగలదు. సంచి మాత్రం లయబద్ధంగా కదులుతూనే ఉంటుంది. పీల్చే వాయువులో ఆక్సిజన్‌ను కొలిచే పరికరం తప్పనిసరి కావడానికి ఇదే కారణం. శ్వాసను గమనించాలన్న లారీ సూత్రం అవసరమే. మూసిన వలయంలో అది ఒక్కటే చాలదు.

8. నిర్వహణ: పరీక్షలు, క్యాలిబ్రేషన్

డైవింగ్‌కు ముందు రెండు పీడన పరీక్షలు జరపడం ఆనవాయితీ. ధనపీడన పరీక్షలో విడుదల కవాటాన్ని బిగించి, వలయాన్ని ఉబ్బేలా నింపి, కొన్ని నిమిషాలు వేచి చూస్తారు. సంచి మెత్తబడితే కారుడు ఉన్నట్టు. రుణపీడన పరీక్షలో వలయంలోని గాలిని నోటితో లాగివేసి, గొట్టాలు ముడుచుకున్న స్థితి నిలుస్తుందో లేదో చూస్తారు. లోపలికి నీరు వచ్చే సందులను రెండవ పరీక్షే బాగా పట్టిస్తుంది. నీరు సోడాలైమ్‌ను చేరితే క్షారద్రవం నోటిలోకి రావచ్చు కాబట్టి రెండు పరీక్షలూ అవసరమే. పరీక్ష ముగిశాక విడుదల కవాటాన్ని తిరిగి వదులు చేయడం మరవకూడదు.

సెన్సార్ల క్యాలిబ్రేషన్‌లో హైదరాబాదుకు ప్రత్యేకమైన అంశం ఒకటి ఉంది. నగరం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్లకు పైన ఉంది. విశాఖపట్నం తీరంలో వాతావరణ పీడనం సుమారు 1013 మిల్లీబార్లు అయితే నాంపల్లిలో సుమారు 950 మిల్లీబార్లు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను సెన్సార్‌పై ప్రసరింపజేసినప్పుడు నాంపల్లిలో నిజమైన పాక్షిక పీడనం 0.95 బార్. దానిని సముద్రమట్టపు విలువగా భావించి 1.013గా నమోదు చేస్తే ఆరు శాతానికి పైగా తప్పు స్థిరపడుతుంది. ఆ పరికరాన్ని విశాఖకు తీసుకువెళ్ళి వాడితే, తెరపై 1.3 బార్ కనిపించినప్పుడు నిజంగా ఉండేది సుమారు 1.22 బార్. ఆక్సిజన్ తగ్గిన మేర జడవాయువు పెరుగుతుంది. తెరను నమ్మి వేసిన డీకంప్రెషన్ లెక్క ఆ మేరకు తప్పుతుంది. మూడు సెన్సార్లూ ఒకే తప్పుతో ఏకీభవిస్తాయి కనుక వాటిని పరస్పరం పోల్చినా దోషం బయటపడదు. స్థానిక వాతావరణ పీడనాన్ని నమోదు చేయడం లేదా వాడే తీరంలోనే క్యాలిబ్రేట్ చేయడం దీనికి పరిష్కారం.

ఆక్సిజన్ వైపు భాగాలలో నూనె, గ్రీజు ఆనవాళ్ళు ఉండకూడదు. సిలిండర్ కవాటాన్ని ఒక్కసారిగా తెరిస్తే వాయువు హఠాత్తుగా సంపీడనమై వేడెక్కి, అక్కడి జిడ్డు మండవచ్చు. నెమ్మదిగా తెరవాలన్న నియమం అందువల్లనే. సిలిండర్లకు గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 ప్రకారం నిర్ణీత కాలానికొకసారి జలపీడన పరీక్ష జరగాలి.

9. ముగింపు

ఈ పరిశీలన ఆధారంగా కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు.

1. రీబ్రీతర్‌లో సిలిండర్ పీడనం, మధ్యమ పీడనం, వలయ పీడనం అనే మూడు స్థాయిలను విడివిడిగా సరిచేయాలి. ఒకదాని కొలత మరొకదానికి హామీ కాదు.

2. వలయ పీడనంలోని లోపాన్ని ఛాతీ కండరాలు వెంటనే గుర్తిస్తాయి. ఆక్సిజన్ పాక్షిక పీడనంలోని లోపాన్ని శరీరం గుర్తించలేదు. కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించే సోడాలైమ్ ఆ హెచ్చరికను మరింత మరుగుపరుస్తుంది.

3. గనిలో ధనపీడనం, నీటిలో సమపీడనం, శస్త్రచికిత్స గదిలో పరిమిత పీడనం లక్ష్యాలు. లక్ష్యం ఏదైనా ఆక్సిజన్‌ను వేరుగా కొలవడం లేదా దాని ప్రవాహాన్ని వేరుగా పరీక్షించడం మూడింటికీ ఉమ్మడి అవసరం.

4. క్యాలిబ్రేషన్ జరిగే చోటి వాతావరణ పీడనాన్ని పరిగణించకపోతే సక్రమంగా పనిచేసే సెన్సార్ కూడా తప్పు చెబుతుంది. దక్కన్ పీఠభూమిలో సిద్ధమై తూర్పు తీరంలో వాడే పరికరాలకు ఇది ముఖ్యంగా వర్తిస్తుంది.

భౌతికశాస్త్ర బోధనలో బాయిల్ నియమం, డాల్టన్ పాక్షిక పీడన నియమం సాధారణంగా వేర్వేరు పాఠాలుగా సాగుతాయి. శ్వాసవలయంలో అవి ఒకే క్షణంలో, ఒకే సంచిలో పనిచేస్తాయి. సంచి ఎంత నిండిందో మొదటి నియమం చెబుతుంది. ఆ నిండుదనంలో ప్రాణాధారం ఎంతో రెండవది చెబుతుంది. గనికి వెళ్ళే రక్షకుడికీ, నీటిలోకి దిగే డైవర్‌కూ, మత్తులో ఉన్న రోగికీ రెండు జవాబులూ కావాలి.